మోటారు రేసులలో రెండువైపుల రేడియో: ఒక చరిత్ర

పరిచయం

గత పాఠంలో మీరు ప్రసార రేడియో చరిత్ర చదివారు. అందులో మాట ఒకే దిశలో ప్రయాణిస్తుంది. మన విశ్వవిద్యాలయం పాఠాన్ని మీరు ఆకాశవాణిలో వింటూ ఉంటారు. మధ్యలో ఒక సందేహం వస్తుంది, అడగడానికి వీలుండదు. చెప్పే అధ్యాపకునికి మీరు వింటున్నారో, కునుకు తీస్తున్నారో తెలియదు. స్టూడియోలో కూర్చుని అటువంటి పాఠాలు చెప్పినవాడిని కాబట్టి ఆ ఇబ్బంది నాకు బాగా తెలుసు. రెండువైపుల రేడియో ఈ ఇబ్బందిని తొలగించింది. దానిలో విన్నవాడు తిరిగి పలకగలడు.

ఈ సాధనం తెచ్చిన మార్పులను వివరించడానికి సాధారణంగా పోలీసు శాఖనో, నౌకాయానాన్నో, సైన్యాన్నో ఉదాహరణగా తీసుకొంటారు. మనం కారు రేసులను తీసుకొంటున్నాం. చరిత్ర పాఠంలో కారు రేసులేమిటని మీకు అనిపించవచ్చు. కాని రేసు ఒక చిన్న రాజ్యం వంటిది. కారు నడిపేవాడు, అతనిని నడిపించే జట్టు, ప్రత్యర్థులు, నియమాలను అమలుచేసే అధికారులు, చూసే జనం అందరూ ఒకేచోట, సుమారు రెండు గంటల వ్యవధిలో మన కళ్ళముందు ఉంటారు. అక్కడికి ఒక కొత్త సాధనం వస్తే ఎవరి అధికారం పెరిగిందో, ఎవరిది తగ్గిందో దాచినా దాగదు. పైగా పోలీసుల వైర్‌లెస్ సంభాషణలు పరిశోధకులకు దొరకడం కష్టం. రేసు సంభాషణలు దొరుకుతాయి.

పాఠం చదువుతున్నంతసేపు రెండు ప్రశ్నలను మనసులో ఉంచుకోండి. నిర్ణయం ఎవరిది? మాట ఎవరెవరికి వినబడుతోంది?

మాట అందని రోజులు

కారు రేసుల తొలి దశాబ్దాలలో డ్రైవరు ఒకసారి బయలుదేరాడంటే అతనికీ ప్రపంచానికీ సంబంధం తెగిపోయినట్లే. తాను ఎన్నో స్థానంలో ఉన్నాడో, ముందున్న కారు ఎంత దూరంలో ఉందో అతనికి తెలియదు. గెలిచినవాడికి తాను గెలిచిన సంగతి ఇతరులు చెబితే తెలిసిన సందర్భాలున్నాయి. మెర్సిడెస్ జట్టు నిర్వాహకుడు ఆల్ఫ్రెడ్ నోయ్‌బవర్ తాను డ్రైవరుగా ఉన్న రోజుల నుంచే ఈ ఒంటరితనాన్ని గమనించాడు. 1926లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరం దగ్గర సాలిట్యూడ్ రేసులో జెండాలు, బోర్డుల సహాయంతో తన డ్రైవర్లకు సమాచారం అందించే పద్ధతిని ఆయన ప్రవేశపెట్టాడని చెబుతారు. దారి పక్కన నిలబడి జెండాలు ఊపుతున్న ఈ పెద్దమనిషి ఎవరో అర్థంకాక రేసు అధికారి ఆయనను అక్కడినుంచి వెళ్ళగొట్టబోయాడట. రేసు కార్లు టైర్లు, ఇంధనం కోసం ఆగే చోటును పిట్ అంటారు. అక్కడినుంచి చూపే పలక కాబట్టి దానికి పిట్ బోర్డు అనే పేరు స్థిరపడింది. నేటికీ అది పోలేదు. ఇన్ని రేడియోలు వచ్చిన తరువాత కూడా జట్లు ప్రతి చుట్టులో ఒక పలక చూపుతూనే ఉన్నాయి, రేడియో ఎప్పుడు మూగబోతుందో తెలియదు కనుక.

పిట్ బోర్డుకు రెండు పరిమితులున్నాయి. మొదటిది, అది చుట్టుకు ఒక్కసారే కనిపిస్తుంది. జర్మనీలోని పాత న్యూర్‌బర్గ్‌రింగ్ బాట పొడవు 22 కిలోమీటర్లకు పైమాటే. 1970లలో కూడా అక్కడ ఒక చుట్టుకు ఏడు నిమిషాలు పట్టేది. ఏడు నిమిషాల పాత వార్తతో డ్రైవరు నిర్ణయాలు తీసుకోవాలి. ఫ్రాన్స్‌లోని లె మాన్స్‌లో మరో చిక్కు. పిట్ ముందు కార్లు చాలా వేగంగా వెళ్ళిపోయేవి. అందువల్ల బాటకు దూరపు కొసన, కార్లు వేగం తగ్గించే ముల్సాన్ మలుపు దగ్గర, బోర్డులు చూపడానికి వేరుగా స్థలం ఏర్పాటుచేశారు. పిట్‌లో ఉన్నవారు టెలిఫోనులో అక్కడివారికి చెబితే వారు పలక మీద రాసి చూపేవారు. రెండో పరిమితి ఇంకా ముఖ్యమైనది. పలక డ్రైవరుకు చెబుతుంది, డ్రైవరు పలకకు చెప్పలేడు. మహా అయితే తల ఊపగలడు, చేయి ఎత్తగలడు.

ఈ మూగభాష ఎంత దూరం వెళ్ళగలదో 1955 మే 1న ఇటలీలో జరిగిన మిల్లె మిల్యా రేసు చూపింది. బ్రెస్చా నుంచి రోమ్ వెళ్ళి తిరిగి వచ్చే సుమారు 1,600 కిలోమీటర్ల మామూలు రోడ్ల మీద ఆ పందెం. బ్రిటిష్ డ్రైవర్ స్టర్లింగ్ మాస్ పక్కన డెనిస్ జెంకిన్సన్ అనే పాత్రికేయుడు కూర్చున్నాడు. దారిలోని మలుపులన్నింటి వివరాలు ఐదు మీటర్లకు పైగా పొడవున్న కాగితపు చుట్టలో రాసి, దానిని చిన్న పెట్టెలో అమర్చి, ఒక్కొక్క మలుపు రాకముందే మాస్‌కు చేతి సంజ్ఞతో చెప్పాడు. వారు 10 గంటల 7 నిమిషాల 48 సెకన్లలో రేసు గెలిచారు. సగటు వేగం గంటకు 157 కిలోమీటర్ల పైన. అంతకుముందు వారు తీగతో కలిపిన మైకు, చెవి పరికరాలను కూడా ప్రయత్నించి చూశారు. పనికిరాలేదు. మాస్ పూర్తి ఏకాగ్రతతో నడుపుతున్నప్పుడు చెవిలో పడిన మాట అతని బుద్ధికి ఎక్కేది కాదు. కంటికి కనిపించిన చేయి మాత్రం ఎక్కేది. మాట చెవిలో పడటం, మాట మనిషికి చేరడం ఒకటి కావు. ఈ తేడా ఈ పాఠంలో మళ్ళీ మళ్ళీ మనకు ఎదురవుతుంది.

స్పార్క్ ప్లగ్గు అడ్డుపడింది

రెండువైపుల రేడియో అప్పటికే ఉంది కదా, రేసు కార్లలో ఎందుకు పెట్టలేదు? ఇది న్యాయమైన ప్రశ్న. అమెరికాలో 1928లో డెట్రాయిట్ పోలీసు కార్లు కేంద్రం నుంచి వచ్చే సందేశాలను వినగలిగేవి, జవాబు చెప్పలేకపోయేవి. 1933లో న్యూజెర్సీ రాష్ట్రంలోని బయోన్ పట్టణ పోలీసులకు కారులో నుంచి తిరిగి మాట్లాడే సౌకర్యం వచ్చింది. 1930లో గాల్విన్ సంస్థ కారులో పాటలు వినే రేడియోను తయారుచేసి, మోటారు అనే మాటను కలుపుకొని దానికి మోటరోలా అని పేరు పెట్టింది. రెండో ప్రపంచయుద్ధంలో సైనికులు చేతబట్టుకొన్న, వీపున మోసిన రేడియోలు అదే సంస్థవి. వీపున మోసే ఆ పెట్టె బరువు పదిహేను కిలోలకు పైనే.

బరువు ఒక అడ్డంకి. రేసు కారులో అరకిలో బరువు పెరిగినా ఇంజనీరు ముఖం ముడుచుకొంటాడు. అయితే అసలు అడ్డంకి కారు ఇంజనులోనే ఉంది. పెట్రోలు ఇంజనులో స్పార్క్ ప్లగ్గు సెకనుకు ఎన్నో సార్లు నిప్పురవ్వను పుట్టిస్తుంది. మార్కోని తొలినాళ్ళలో సందేశాలు పంపినది కూడా ఇటువంటి నిప్పురవ్వతోనే అని మీరు గత పాఠంలో చదివారు. అంటే రేసు కారు ఇంజను తనకు తెలియకుండానే ఒక రేడియో ట్రాన్స్‌మిటర్. దాని రొద పక్కనే ఉన్న రిసీవరులోకి చొరబడేది.

పాత రేడియోలలో మాటను బట్టి తరంగపు కంపన పరిమితి మారేది. నిప్పురవ్వ రొద కూడా కంపన పరిమితినే పాడుచేస్తుంది. కాబట్టి మాటనూ రొదనూ వేరుచేయడం కష్టం. 1933లో అమెరికన్ ఇంజనీరు ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ పేటెంట్ పొందిన ఎఫ్.ఎం. పద్ధతిలో మాటను బట్టి తరంగపు పౌనఃపున్యం మారుతుంది. రొద పైపైన అంటుకొన్నా లోపలి మాట చాలావరకు చెడదు. ఈనాడు మీరు వినే ఎఫ్.ఎం. పాటలకూ, కదిలే కారులో రేడియో పనిచేయడానికీ మూలం ఒకటే. తరువాత 1947లో ట్రాన్సిస్టర్ రావడంతో పెట్టె చిన్నదైంది, బరువు తగ్గింది.

ఇంజను మోత మరొక సమస్య. పక్కవాడు అరిచినా వినబడని చోట మైకు ఏం చేస్తుంది? దీనికి చక్కని ఉపాయం కనుక్కొన్నారు. మైకు పొరకు ముందూ వెనుకా రెండువైపులా గాలి తగిలేటట్లు తెరచి ఉంచుతారు. ఇంజను మోత అన్ని వైపులనుంచీ వస్తుంది కాబట్టి పొరను రెండువైపులా దాదాపు సమానంగా నొక్కుతుంది. ఒకటి మరొకదానిని రద్దుచేస్తుంది. డ్రైవరు పెదవి మాత్రం ముందువైపునే, దాదాపు ఆనుకొని ఉంటుంది. అందుచేత అతని మాట ఒక్కటే మిగులుతుంది. వినడానికి డ్రైవరు చెవి రంధ్రం అచ్చు తీసి, సరిగ్గా ఆ ఆకారంలో చేసిన చిన్న స్పీకరును బిగిస్తారు. అది బయటి మోతను ఆపుతుంది, లోపలి మాటను వినిపిస్తుంది.

అమెరికా స్టాక్ కార్ రేసులలో మొదటి ప్రయత్నంగా చెప్పుకొనేది 1952 వేసవిలో పెన్సిల్వేనియాలోని లాంగ్‌హార్న్ బాట మీద జరిగింది. ఆల్ స్టీవెన్స్ అనే డ్రైవరు రేసు మధ్యలో తన పిట్‌తో రేడియోలో మాట్లాడాడు. అతని వృత్తి వాహనాలకు రేడియో సందేశాలు అందించే వ్యాపారం. తన దుకాణంలోని పరికరాన్నే కారులో పెట్టుకొన్నాడన్నమాట. కొత్త సాధనాలు చాలాసార్లు ఇలాగే వస్తాయి. పెద్ద సంస్థల ప్రణాళిక కంటే ముందు, రెండు పనులు తెలిసిన ఒక మనిషి వాటిని కలుపుతాడు. అయినా రేసుల్లో రేడియో మామూలు విషయం కావడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది.

జాండ్‌వూర్ట్, 1973

ఆ మూడు దశాబ్దాల మధ్యలో జరిగిన ఒక ఘటన దగ్గర మనం కొంచెం ఆగాలి.

1973 జూలై 29న నెదర్లాండ్స్‌లోని జాండ్‌వూర్ట్‌లో ఫార్ములా వన్ రేసు జరిగింది. ఎనిమిదో చుట్టులో రోజర్ విలియమ్సన్ అనే పాతికేళ్ళ బ్రిటిష్ డ్రైవరు కారు అదుపుతప్పి, తలకిందులై, మంటలు అంటుకొంది. ఫార్ములా వన్‌లో అది అతనికి రెండో రేసు మాత్రమే. అతడు కారు కింద చిక్కుకొన్నాడు. వెనుక వస్తున్న డేవిడ్ పర్లీ అనే మరొక డ్రైవరు తన కారు ఆపి, రోడ్డు దాటి పరుగెత్తుకు వచ్చాడు. ఒంటరిగా ఆ కారును ఎత్తబోయాడు. మంటలార్పే సిలిండరు తెచ్చి చల్లాడు. అక్కడి సిబ్బందికి మంటలను తట్టుకొనే దుస్తులు లేవు, వారు దగ్గరకు రాలేకపోయారు. పక్కనుంచి వెళుతున్న డ్రైవర్లు మంటల పక్కన హెల్మెట్‌తో నిలబడిన పర్లీని చూసి, మండుతున్న కారు అతనిదే, అతడు బయటపడ్డాడు అనుకొన్నారు. రేసును ఆపలేదు. అగ్నిమాపక వాహనం వచ్చేసరికి నిమిషాలు గడిచిపోయాయి. విలియమ్సన్ మరణించాడు. పర్లీ సాహసానికి బ్రిటన్ జార్జ్ మెడల్ ఇచ్చింది.

రేడియో ఉంటే అతడు బతికేవాడని నేను చెప్పను. మంటలను తట్టుకొనే దుస్తులు, దగ్గర్లో అగ్నిమాపక వాహనం లేకుండా రేడియో ఒక్కటే మనిషిని రక్షించదు. కాని ఈ ఘటనలో సమాచారం ఎక్కడెక్కడ ఉందో చూడండి. కారు కింద మనిషి ఉన్నాడని పర్లీకి తెలుసు. రేసును ఆపే అధికారం ఉన్నవారికి ఆ సంగతి సకాలంలో అందలేదు. ఆగి సాయపడగల డ్రైవర్లకు కనిపించిన దృశ్యం తప్పు అర్థాన్నిచ్చింది. తెలిసినవాడికీ, చేయగలవాడికీ మధ్య దారి లేదు.

అదే ఏడాది సెప్టెంబరులో కెనడాలోని మోస్పోర్ట్‌లో దీనికి పూర్తిగా భిన్నమైన, దాదాపు హాస్యాస్పదమైన గందరగోళం జరిగింది. ఫార్ములా వన్‌లో మొదటిసారిగా సేఫ్టీ కారును (ప్రమాదం తరువాత రేసు కార్లన్నింటినీ తన వెనుక నెమ్మదిగా నడిపించే కారు) బాట మీదికి పంపారు. అది మొదటి స్థానంలో ఉన్న కారు ముందు నిలవాలి. వానవల్ల అందరూ పిట్‌కు వెళ్ళివచ్చి లెక్కలు తారుమారై, మొదటి స్థానం ఎవరిదో ఎవరికీ తెలియలేదు. సేఫ్టీ కారు వెళ్ళి హౌడెన్ గ్యాన్లీ అనే డ్రైవరు ముందు నిలిచింది. అతడు మొదటి స్థానంలో లేడు. రేసు ముగిశాక చాలాసేపటికి గాని పీటర్ రెవ్‌సన్ విజేత అని తేల్చలేకపోయారు.

సీటులో రెండో మనిషి

1980ల నుంచి ఫార్ములా వన్‌లో కారుకూ పిట్‌కూ మధ్య రేడియో క్రమంగా మామూలైంది. స్టీరింగ్ మీద ఒక బటన్ ఉంటుంది, డ్రైవరు దానిని నొక్కి మాట్లాడతాడు. జట్టులో ఎంతమంది ఉన్నా డ్రైవరు చెవిలో సాధారణంగా ఒకే గొంతు వినిపిస్తుంది. అది అతని రేస్ ఇంజనీరుది. మలుపులో కాదు, తిన్నని దారిలో ఉన్నప్పుడు మాట్లాడాలి అనేది ఆ ఇంజనీరు నేర్చుకొనే మొదటి పాఠాల్లో ఒకటి. మాస్, జెంకిన్సన్ 1955లో గ్రహించిన సంగతే ఇది.

పూర్వం టైర్లు అరిగాయో లేదో, ఎప్పుడు ఆగాలో డ్రైవరు తన ఒంటికి తెలిసినదానిని బట్టి నిర్ణయించేవాడు. కారులోని కొలతలు కూడా రేడియో తరంగాల ద్వారా పిట్‌కు చేరడం మొదలయ్యాక డ్రైవరు కంటే అతని కారు సంగతి పిట్‌లోని ఇంజనీరుకు ఎక్కువ తెలిసే పరిస్థితి వచ్చింది. 2002లో పిట్ నుంచే కారులోని అమరికలను మార్చే సౌకర్యాన్ని కూడా అనుమతించారు. 2003 నుంచి దానిని నిషేధించారు. కారును నడిపేది ఎవరు అనే ప్రశ్న అక్కడ నిజంగానే తలెత్తింది.

ఈ ప్రశ్నకు రెండు ముఖాలున్నాయి. మొదటిది ఆజ్ఞ. 2010 జూలై 25న జర్మనీలోని హాకెన్‌హైమ్‌లో ఫెలిపే మాసా మొదటి స్థానంలో ఉన్నాడు. జట్టులోని రెండో డ్రైవరు ఫెర్నాండో అలాన్సో అతని వెనుక ఉన్నాడు. అప్పట్లో ఒక డ్రైవరును మరొకరికి దారి ఇమ్మని జట్టు ఆదేశించడం నిషిద్ధం. మాసా ఇంజనీరు రాబ్ స్మెడ్లీ రేడియోలో, ఫెర్నాండో నీకంటే వేగంగా ఉన్నాడు, ఈ మాట నీకు అర్థమైందా అని మాత్రమే అడిగాడు. వ్యాకరణం ప్రకారం అందులో ఆజ్ఞ లేదు. కొద్దిసేపటికి మాసా దారి ఇచ్చాడు. సరిగ్గా ఏడాది కిందట అదే తేదీన తలకు ప్రాణాంతకమైన దెబ్బ తగిలి, కోలుకొని, మళ్ళీ గెలుపు అంచుకు వచ్చిన మనిషి అతడు. అధికారులు ఫెరారీ జట్టుకు లక్ష డాలర్ల జరిమానా వేశారు. 2011 నుంచి ఆ నిషేధాన్నే ఎత్తివేశారు. అమలుచేయలేని నియమం ఉండి ప్రయోజనం లేదని వారు గ్రహించారు.

రెండో ముఖం సహాయం. డ్రైవరు కారును ఒంటరిగా, ఎవరి సాయం లేకుండా నడపాలని నియమం చెబుతుంది. 2016లో ఈ నియమాన్ని కఠినంగా అమలుచేసి, రేడియోలో చెప్పదగిన విషయాలను బాగా తగ్గించారు. జూన్‌లో అజర్‌బైజాన్‌లోని బాకులో లూయిస్ హామిల్టన్ కారు ఇంజను అమరిక సరిగా లేదు. ఏ మీట మార్చాలో జట్టుకు తెలుసు. చెప్పకూడదు. అతడు గంటకు 300 కిలోమీటర్ల వేగంతో వెళుతూ స్టీరింగ్ మీది మీటలను చూసుకొంటూ వెతుక్కొన్నాడు. జూలైలో బ్రిటన్‌లోని సిల్వర్‌స్టోన్‌లో నికో రోజ్‌బర్గ్‌కు గేర్‌బాక్స్ గురించి జట్టు చెప్పిన మాట హద్దు దాటిందని పది సెకన్ల శిక్ష వేశారు. అతడు రెండో స్థానం నుంచి మూడో స్థానానికి దిగాడు. ఆ నెలాఖరుకే ఈ ఆంక్షలను చాలావరకు తీసివేశారు. నా అభిప్రాయం చెప్పాలంటే, నియమం ఉద్దేశం మంచిదే. కాని ఇంజనీర్లు లేకుండా ఎవరికీ అర్థంకాని యంత్రాన్ని తయారుచేసి, ఆ తరువాత ఇంజనీర్లను మాట్లాడవద్దనడం న్యాయం కాదు.

డ్రైవర్లందరూ ఈ రెండో మనిషిని సంతోషంగా భరించారని అనుకోకండి. 2012 అబూదాబి రేసులో కిమి రైకొనెన్ ముందంజలో ఉండగా ఇంజనీరు సలహా చెప్పబోతే, నన్ను వదిలేయండి, నేనేం చేస్తున్నానో నాకు తెలుసు అని కసిరాడు. రేసు గెలిచాడు కూడా.

పరికరం ఉంటే సరిపోతుందా?

1994 మే 1న ఇటలీలోని ఇమోలాలో అయర్టన్ సెన్నా ప్రమాదానికి గురైనప్పుడు రేసును ఆపారు. ఆయనకు బాట మీదే చికిత్స జరుగుతోంది. అప్పుడు ఎరిక్ కోమా అనే డ్రైవరును పొరపాటున పిట్ నుంచి బయటికి పంపించారు. ఏం జరిగిందో తెలియని అతడు వేగంగా వచ్చి, సిబ్బంది చేతులు ఊపగా చివరిక్షణంలో ఆ చోటికి ముందు ఆగాడు. రేడియోలున్న కాలమది. అయినా అతనిని ఆపింది మనుషుల చేతులే.

2020 డిసెంబరు 6న బహ్రెయిన్‌లోని సఖీర్‌లో మరొకటి. హామిల్టన్ అస్వస్థతవల్ల అతని స్థానంలో మెర్సిడెస్ కారు ఎక్కిన జార్జ్ రసెల్ అందరికంటే ముందున్నాడు. జట్టు తన రెండు కార్లనూ ఒకదాని వెంట ఒకటి టైర్ల కోసం పిలిచింది. ఏ కారుకు ఏ టైర్లో సిబ్బందికి చెప్పే రేడియో సందేశం కొందరికి అందలేదు. రసెల్ కారుకు రెండో డ్రైవరు ముందు టైర్లు బిగించారు. సరిచేసుకోవడానికి అతడు మళ్ళీ ఆగవలసివచ్చింది. తొమ్మిదో స్థానంలో ముగించాడు. ప్రపంచంలోని అత్యంత ఖరీదైన రేడియో వ్యవస్థలలో ఒకటి వాడే జట్టు అది.

వినేవారెవరు?

రేడియో తరంగానికి ఇల్లూ వాకిలీ లేవు. మీ జట్టుకు పంపినది ప్రత్యర్థికీ చేరుతుంది. జట్లు ఒకరి సంభాషణ మరొకరు వినడం, దానికి విరుగుడుగా సంకేత పదాలు పెట్టుకోవడం తొందరగానే మొదలయ్యాయి. అమెరికాలోని నాస్కార్ రేసులలో ఇది మరో మలుపు తిరిగింది. అక్కడ ప్రేక్షకులు స్కానర్ అనే చిన్న రిసీవరును అద్దెకు తీసుకొని, తమకు నచ్చిన డ్రైవరు తన జట్టుతో మాట్లాడే మాటలు నేరుగా వింటారు. రహస్యం కావలసినది వినోదమైంది. ఫార్ములా వన్‌లో కూడా 2000 దశకం నుంచి టెలివిజన్ ప్రసారంలో ఈ మాటలు వినిపించడం పరిపాటి అయింది.

చరిత్ర విద్యార్థులుగా మీకు అన్నింటికంటే ముఖ్యమైన మార్పు ఇక్కడే వచ్చింది. పలక మీద సుద్దతో రాసినది మరుచుట్టుకు తుడిచేసేవారు. రేడియోలో అన్నమాట రికార్డయింది. అది ఆధారంగా మారింది.

2009 మార్చి 29న ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ రేసు చివర, సేఫ్టీ కారు బాట మీద ఉండగా, యార్నో ట్రుల్లి హామిల్టన్‌ను దాటాడు. అలా దాటకూడదు కాబట్టి అధికారులు ట్రుల్లికి శిక్ష వేసి, మూడో స్థానాన్ని హామిల్టన్‌కు ఇచ్చారు. ట్రుల్లిని ముందుకు పోనివ్వమని జట్టు తనకు చెప్పలేదన్నది విచారణలో హామిల్టన్ ఇచ్చిన వాంగ్మూలం. కొన్ని రోజులకు రేడియో రికార్డును విన్నారు. జట్టు చెప్పిన మాట అందులో స్పష్టంగా ఉంది. రేసు ముగియగానే అతడే పాత్రికేయులతో అన్నమాట కూడా దానికి తోడైంది. హామిల్టన్‌ను ఆ రేసు ఫలితాల నుంచి తొలగించారు. ట్రుల్లికి స్థానం తిరిగి దక్కింది. ప్రపంచ విజేతగా ఉన్న హామిల్టన్ బహిరంగంగా క్షమాపణ చెప్పాడు.

మాట రికార్డవుతుందని తెలిసినవారు మాట తీరు మార్చుకొంటారు. 2013 సెప్టెంబరులో అమెరికాలోని రిచ్‌మండ్‌లో జరిగిన నాస్కార్ రేసులో, తమ జట్టు డ్రైవరు ఒకరికి మేలు జరగడానికి మైకేల్ వాల్ట్రిప్ జట్టు ఫలితాన్ని తారుమారు చేసిందని తేలింది. అంతకుముందు క్షణాలలో రేడియోలో ఆ జట్టు క్లింట్ బోయర్‌తో అన్నది చేయి నొప్పి గురించి, దురద గురించి. వెంటనే అతని కారు గిర్రున తిరిగి ఆగింది. జట్టుకు మూడు లక్షల డాలర్ల జరిమానా పడింది. ఆ తరువాత, పైనుంచి చూస్తూ డ్రైవర్లకు దారి చెప్పే సహాయకులు ఎవరైనా వినగలిగే మామూలు రేడియోలనే వాడాలని నాస్కార్ నియమం పెట్టింది.

ఈ దారిలో అధికారులూ మినహాయింపు కాలేదు. 2021లో జట్ల అధిపతులు రేసు డైరెక్టరుతో నేరుగా మాట్లాడటాన్ని టెలివిజన్‌లో వినిపించారు. డిసెంబరు 12న అబూదాబిలో చివరి రేసు చివరి నిమిషాలలో ఇద్దరు అధిపతులు డైరెక్టరు మైకేల్ మాసిని తమతమ వైపు ఒత్తిడి చేయడం ప్రపంచమంతా విన్నది. 2022లో ఆ నేరుగా మాట్లాడే సౌకర్యాన్ని తీసివేశారు. అధికారి మీద ఒత్తిడి పూర్వం లేదని కాదు, పూర్వం మనకు వినబడలేదు.

ఒక హెచ్చరిక. టెలివిజన్‌లో వినిపించే రేడియో ముక్కలు జరిగిన క్షణంలోనే వినిపించేవి కావు. కొంత ఆలస్యంగా, ఎంపికచేసి వినిపిస్తారు. కోపం, వేడుకోలు, తిట్టు వంటివి ముందు ఎంపికవుతాయి. రెండు గంటల మౌనంలో నుంచి ఆరు సెకన్లు ఏరి వినిపిస్తే ఆ మనిషి స్వభావమే అది అని మనం అనుకొంటాం. శాసనం ముక్క దొరికినప్పుడు మిగిలిన రాయి ఎక్కడని అడిగినట్లే ఇక్కడా అడగాలి.

మన దగ్గర

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ పక్కన, సచివాలయం చుట్టుపక్కల రోడ్ల మీద ఫార్ములా ఈ విద్యుత్ కార్ల రేసు జరిగింది. జీన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. విద్యుత్ కారులో స్పార్క్ ప్లగ్గు లేదు, చెవులు చిల్లులు పడే ఇంజను మోత లేదు. రేడియోకు పుట్టినప్పటినుంచి ఉన్న ఇద్దరు శత్రువులూ లేరన్నమాట. అక్కడ డ్రైవరుకూ ఇంజనీరుకూ మధ్య నడిచే మాటల్లో ఎక్కువభాగం అంకెలే. బ్యాటరీలో ఇంకా ఎంత శాతం మిగిలింది, ఎంత పొదుపు చేయాలి అన్నవే.

మన దేశంలో ఈ సాధనం చరిత్ర చట్టం దగ్గర వేరుపడుతుంది. ఆ రేసు నాటికి అమలులో ఉన్న 1933 నాటి భారత వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం అనుమతి లేకుండా వైర్‌లెస్ పరికరాన్ని దగ్గర ఉంచుకోవడమే నేరం. వలస ప్రభుత్వం చేసిన చట్టం అది. 2011 నుంచి 2013 వరకు గ్రేటర్ నోయిడాలో ఫార్ములా వన్ రేసులు జరిగినప్పుడు కూడా బయటినుంచి వచ్చే రేడియోలకు కేంద్ర టెలికాం శాఖ పౌనఃపున్యాలు కేటాయించి అనుమతి ఇస్తేనే మాట సాగేది. అమెరికాలో ప్రేక్షకుడు స్కానర్ అద్దెకు తీసుకొని జట్టు మాటలు వింటే, మన దగ్గర ఆ హక్కు లైసెన్సు పొందినవారిది. ఆ లైసెన్సుకు పరీక్ష రాసి, స్వచ్ఛందంగా రేడియో నడిపే హామ్ ఔత్సాహికులకు హైదరాబాదులో 1983లో ఒక జాతీయ సంస్థే ఏర్పడింది. తుపానులలో వారి సేవ అందరికీ తెలిసినదే. ఫోను అందని కొండదారుల్లో సాగే కారు ర్యాలీలకు సమాచార సేవ అందించినవారు కూడా ఇటువంటి ఔత్సాహికులే.

అభ్యాసం

మెల్‌బోర్న్ 2009 ఘటనలో మనకు మూడు ఆధారాలున్నాయి: విచారణలో హామిల్టన్ ఇచ్చిన వాంగ్మూలం, రేసు ముగియగానే అతడు పాత్రికేయులతో అన్నమాట, జట్టు రేడియో రికార్డు. ఈ మూడింటిలో ఒక్కొక్కటి ఎవరు వింటారని తెలిసి చెప్పినదో ముందుగా రాయండి. ఆ తరువాత, రేడియో రికార్డు దొరకలేదనుకొని, మిగిలిన రెండింటితోనే తీర్పు చెప్పవలసివస్తే మీరు దేనిని ముందు నమ్ముతారో ఒక పుటలో రాసి, అధ్యయన కేంద్రంలో జరిగే చర్చకు తీసుకురండి.